కొక్కేలు విప్పమన్న వేసవి

భరణి కార్తె

గాలి దక్షిణం నుంచి, మెల్లగా. అల మోకాలెత్తు. కొక్కేలు బిగువుగానే ఉన్నాయి.

రేవు ఆఫీసువాళ్ళు ఈ పుస్తకంలో ఈ మూడే రాయమన్నారు. గాలి, అల, కొక్కెం. మూడూ రాసేశాను. పేజీలో ఇంకా బోలెడు చోటు మిగిలింది. కాగితం దొరకని కాలంలో చోటు వదలడం పాపం కాబట్టి మిగతాదంతా నా ఇష్టం. ఆఫీసులో దీన్ని ఎవరూ చదవరు. ఓసారి కావాలనే "అల తాటిచెట్టెత్తు" అని రాసి పంపాను. భద్రపరిచాం అని రసీదు వచ్చింది.

నా పేరు ఓబులేసు. తూర్పు తెప్పకీ పడమటి తెప్పకీ మధ్యనున్న వంతెనకి కాపలాదారుని. తెప్ప అంటే నలుగురు కూచుని తెడ్డేసేది కాదు. ఒక్కో తెప్ప మీద ఒక్కో ఊరుంది. వీధులు, బడి, కోళ్ళు, కోళ్ళ గురించి తగువులు, అన్నీ. వంతెన కింద నా నడుమంత లావు ఇనప కొక్కేలు రెండు ఊళ్ళనీ పట్టుకుని ఉంటాయి. తెల్లారగానే దిగి వాటికి గ్రీజు రాయడం నా పని. తుఫానుకి తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే విప్పాలి కదా, తుప్పు పట్టకూడదు. నలభై ఏళ్ళుగా రాస్తున్నాను, ఒక్కసారీ విప్పలేదు.

సముద్రం లోపలికొచ్చినప్పుడు ఏటి లంకల్లో జనం తూర్పు తెప్ప ఎక్కారు. ఆ తర్వాత వానలు పూర్తిగా మానేసినప్పుడు మా మెట్టవాళ్ళు పడమటి తెప్ప ఎక్కారు. వాళ్ళని నీళ్ళు తరిమాయి, మమ్మల్ని నీళ్ళు లేకపోవడం తరిమింది. రెండు వైపుల నుంచి తరిమి ఒక్కచోటికే చేర్చిన వాడెవడో గానీ, వాడికి హాస్యం తెలుసు.

ఇవాళ పొద్దున పడమటి తెప్ప మీద వీధి మొత్తం కుండలు బోర్లించి ఉన్నాయి.

ఇది సరిగా చెప్పాలి. మా మెట్టోళ్ళ ఇళ్ళలో గుమ్మం పక్కన ఒక కుండ ఉంటుంది. దారిన పోయేవాళ్ళెవరైనా ముంచుకుని తాగొచ్చు. ఎండిన నేల మీద పుట్టిన అలవాటు అది, ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆ కుండ పారబోసి బోర్లించేది ఒకే సందర్భంలో, ఇంట్లో మనిషి పోయినప్పుడు. లంకోళ్ళది ఇంకో దారి. వాళ్ళకి నిలవ నీళ్ళంటే దోమ, దోమంటే జ్వరం, జ్వరమంటే పాడె. దీపాలవేళకి ఇంట్లో గిన్నే చెంబూ కుండా అన్నీ వంచి బోర్లించాల్సిందే. పక్కింటివాళ్ళు మరిచిపోతే వెళ్ళి వాళ్ళది కూడా వంచి రావడం మర్యాద.

తెప్పలు కలిపిన కొత్తలో తూర్పు నుంచి ఒక పిల్ల చేపలమ్మడానికి వచ్చి, పోతూ పోతూ మా అమ్మ కుండ బోర్లించింది. మా అమ్మ చూసి, ఇల్లంతా తిరిగి మనుషుల్ని లెక్కబెట్టుకుని, అందరూ ఊపిరి తీస్తున్నారని తేలాక వీధిలోకొచ్చి అరిచింది.

"మా ఇంట్లో ఎవరు పోయినారని పారబోస్తివే?"

ఆ పిల్ల బెదరలేదు. "ఎవరూ పోకూడదనేనండి" అంది.

ఆ పిల్లే పల్లాలమ్మ. నా భార్య.

అప్పట్లో కుండల గురించి రోజూ అరుచుకునేవాళ్ళు, తర్వాత నవ్వుకునేవాళ్ళు, అడపాదడపా పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు. ఈసారి నవ్వు లేదు. పడమటి తెప్ప పెద్ద మద్దిలేటి, వంతెన పడమటి కొసనున్న మా ఇంటికొచ్చాడు. వరసకి నాకు కొడుకవుతాడు.

"చిన్నాయనా, వీధి వీధంతా బోర్లించినారు. ఇది శాపం గాక ఇంకేమి?"

"అలవాటు కొద్దీ చేసుంటారులేరా. ఇన్నాళ్ళూ చేయలేదా?"

"ఇన్నాళ్ళూ పారబోస్తే మళ్ళా నింపుకుంటిమి. ఇప్పుడు కుళాయి కాడ పొద్దంతా నిలబడితే అరకుండ దొరుకుతాంది. ఆ అరకుండ గూడా పారబోసే జాతి వాండ్లది."

లోపల పల్లాలమ్మ పప్పు గిలకొడుతున్న చప్పుడు ఆగిపోయింది. మద్దిలేటి నాలిక కరుచుకుని, "చిన్నమ్మా, నువ్వు వాండ్లలో లెక్క కాదులే" అన్నాడు.

"సంతోషం నాయనా" అంది పల్లాలమ్మ.

కృత్తిక కార్తె

గాలి లేదు. అల లేదు. కొక్కేలు కాలిపోతున్నాయి, గుడ్డ చుట్టుకుని గానీ ముట్టుకోలేను.

సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం తూర్పు తెప్ప చివర ఉంది, లోతు అక్కడుంది కాబట్టి. అక్కణ్ణుంచి గొట్టం తూర్పు వీధులన్నీ తిరిగి, వంతెన కిందుగా పడమటికి వస్తుంది. యంత్రం ముసలిదైపోయింది. నాలాగే శబ్దం ఎక్కువ, పని తక్కువ. తూర్పువాళ్ళు పట్టుకోగా మిగిలింది మాకొస్తుంది. నీళ్ళు వదిలే చక్రం కూడా తూర్పు ఒడ్డునే ఉంది. దాని పెత్తనం మా బావమరిది పేర్రాజుది. వాడు చెడ్డవాడని అనను. చక్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వీధికి ముందు దాహం వేస్తుంది.

నిన్న దీపాలవేళ పేర్రాజు మేనమామ, పళ్ళూడిన ముసలాయన, పడమటి వీధిలో నడుస్తూ చిన్నప్పటి అలవాటు కొద్దీ ఒక గుమ్మం దగ్గర కుండ వంచాడు. కర్రలొచ్చాయి. ముసలాయన చెయ్యి విరిగింది. అటు నుంచి తెడ్లొచ్చాయి. నేను మధ్యలో నిలబడి గ్రీజు డబ్బా మోగించాను. ఎవరూ పట్టించుకోలేదు గానీ, గ్రీజు మీద జారి ఇద్దరు పడ్డారు. నా వల్ల జరిగిన శాంతి స్థాపన అంతే.

పేర్రాజు ఇవాళ వచ్చాడు. అరుగు మీద కూచోలేదు.

"బావగారూ, ఇక కలిసుండటం అవదండి. ఆళ్ళ పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు. ఆయ్."

"మన అంటే ఎవర్రా?" అంది వాళ్ళక్క.

వాడు నన్ను చూసి తడబడ్డాడు. "బావగారు ఆళ్ళలో లెక్క కాదులేవే."

మొత్తానికి మా ఇంట్లో ఇద్దరం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయాం.

ఇది నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, ఒక వింత జరిగింది. కాలం కాని కాలంలో రెండు రోజులు వాన పడింది. చూరు కింద పెట్టిన ప్రతి పాత్రా నిండింది. ఆ రెండు రోజులూ తూర్పు ఆడవాళ్ళు వంతెన దాటి వచ్చారు, కుండలు వంచారు, మావాళ్ళు తిట్టి, నవ్వి, మళ్ళీ నింపుకున్నారు. మావాళ్ళలో ఒకామె ముసలాయన చేతికి రాయమని నూనె కూడా పంపింది. మూడో రోజు ఎండ కాసింది. కర్రలు మళ్ళీ బయటికొచ్చాయి. నేను అన్నీ చూశాను. వాన పడితే మనుషులు మంచివాళ్ళవుతారు కాబోలు అనుకుని ఊరుకున్నాను. అంతకంటే ముందుకి నా బుర్ర వెళ్ళలేదు.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. మునిగిపోయిన ఏదో లైబ్రరీ నుంచి కొట్టుకొచ్చిన విజ్ఞాన సర్వస్వం ఒకటి నాకు గురువు. ఒక్క సంపుటమే దొరికింది, 'క' నుంచి 'ణ' దాకా. కాబట్టి గడియారం, చక్రం, జలగ వీటి మీద నన్నెవరూ ఓడించలేరు. 'త' నుంచి అన్నీ వినికిడే. ఈ మధ్య అందరూ 'సంస్కృతి' అంటున్నారు. అది నాకు దొరకని సంపుటంలో ఉంది. 'జాతి' ఉంది గానీ, ఆ పేజీ ఉప్పునీళ్ళకి 'జాతర' పేజీతో అంటుకుపోయింది. విడదీయబోతే రెండూ చిరుగుతాయి.

రోహిణి కార్తె, మొదట్లో

వడగాలి. అల సంగతి చూడలేదు. కొక్కేలకి ఎప్పటిలాగే రాశాను.

ఒడ్డునున్న సర్కారు మా తగువు తీర్చడానికి ఒక యంత్రాన్ని పంపింది. పాలక్యాను అంత పెట్టె, కింద చక్రాలు, పైన ఒక దీపం. పేరు తూనిక. పుస్తకాల తెలుగులో మాట్లాడుతుంది.

"నమస్కారం. మీ రెండు సమూహాల మధ్య దూరం కొలవడానికి వచ్చాను."

"వంతెన కొలిస్తే చాలు కదమ్మా" అన్నాను.

"ఆ దూరం కాదు" అంది మర్యాదగా.

ఇల్లిల్లూ తిరిగి అందరినీ ప్రశ్నలడిగింది. పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెడతారా? ఏ దిక్కు తల పెట్టుకుని పడుకుంటారు? చేపని తలతో వండుతారా, తల తీసేసా? దీపాలవేళ కుండనేం చేస్తారు?

ఉన్నమాటే చెప్పాను. బోర్లిస్తాను. పెళ్ళైన కొత్తలో నాకు వణుకు జ్వరం వచ్చింది. పల్లాలమ్మ నా మంచం పక్కన కూచుని ఇంట్లో ఉన్న ప్రతి నీటిచుక్కనీ శత్రువుని చూసినట్టు చూసింది. బతికి లేచాక నిలవ నీళ్ళు చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పొద్దు గూకగానే చెయ్యి దానంతటదే కుండ వైపు పోతుంది.

పల్లాలమ్మ కూడా ఉన్నమాటే చెప్పింది. ఆవిడ నింపుతుంది. మా అమ్మ చివరి రోజుల్లో కోడలి చెయ్యి పట్టుకుని, "గుమ్మంలో కుండ ఎండనియ్యొద్దు" అంది. అంతే, ఇప్పటికీ ఎండనివ్వలేదు. రోజూ సాయంత్రం నేను వంచుతాను, ఆవిడ నన్ను తిట్టి నింపుతుంది. పొద్దున లేచేసరికి కుండ నిండుగా ఉంటుంది, నేను దోమల గురించి సణుగుతాను. ఇది మా సంసారం.

రోహిణి కార్తె, చివర్లో

వడగాలి తగ్గలేదు. కొక్కేలకి ఇవాళ గ్రీజు రాయలేదు.

తూనిక తీర్పు వచ్చింది. ఇంత దూరం ఉన్నవాళ్ళు ఇంత దగ్గరగా ఉంటే తగువు తప్పదట. మృగశిరలో ప్రవాహం తిరిగినప్పుడు కొక్కేలు విప్పేసి, పడమటి తెప్పని దక్షిణపు లంగరుకి లాక్కుపోవాలట. పడమటివాళ్ళకి వచ్చే ఏడాది కొత్త నీళ్ళ యంత్రం ఇస్తారు. అప్పటిదాకా నీళ్ళ పడవ వస్తుంది, వస్తే. ఊరు చేతులెత్తి ఒప్పుకుంటే చాలు.

మద్దిలేటి ఒప్పుకోవాలంటున్నాడు, పౌరుషం కోసం. పేర్రాజూ ఒప్పుకోవాలంటున్నాడు, గొట్టంలో నీళ్ళన్నీ తూర్పుకే మిగులుతాయి కాబట్టి. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నా జన్మలో ఇదే మొదటిసారి.

రెండు వైపుల మనుషులున్న ఇళ్ళని ఏం చేయాలి? మళ్ళీ తగువు రాకుండా ఎవరి అలవాట్లని బట్టి వాళ్ళని పంచేస్తారు. గోడ మీద పేర్లు అంటించారు. పల్లాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఏవండీ, మిమ్మల్ని తూర్పుకి పంపేరు."

"నిన్నో?"

"పడమటికి."

ఇద్దరం గోడ ముందు పడీ పడీ నవ్వాం. పక్కన నిలబడ్డవాళ్ళకీ అర్థమై నవ్వారు. లంకల పిల్ల మెట్టకి, మెట్ట ముసలాడు లంకోళ్ళకి! ఇంటికొచ్చి అన్నం పెట్టుకునేటప్పుడు ఆవిడ రెండు కంచాలు పెట్టి, వాటి వంక చూస్తూ ఉండిపోయింది.

"నిజంగానే పంపేత్తారంటారా?"

"ఊరు ఒప్పుకుంటే పంపుతారు."

"కొక్కేలు విప్పేది ఎవరు?"

జవాబు ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళూ పొద్దున్నే దిగి, సులువుగా ఊడిరావాలని చేతులారా నునుపు చేసింది నేనే.

ఆవిడ పప్పు వడ్డించింది. "నేను అప్పీలు పెడతాను" అంది.

మృగశిర కార్తె

గాలి మళ్ళింది. అల నడుమెత్తు. కొక్కేలు లాగుతున్నాయి.

అప్పీలు ఇవాళ వంతెన మీదే విన్నారు, చేతులెత్తే ముందు. అటు సగం తూర్పు, ఇటు సగం పడమర. మధ్యలో తూనిక, మేమిద్దరం.

"మీ అసలైన అలవాటు ఏది? మార్చుకోగలరా?" అని తూనిక అడిగింది.

"మార్చుకోవడమెందుకు? ఆయన వంచకూడదు, అంతే" అంది పల్లాలమ్మ.

"ఆమె నింపకూడదు" అన్నాను.

"మీ అమ్మ మాటండి అది!"

"మీ దోమ మాట ఇది! జ్వరంలో నా పక్కన కూచుని నూరిపోసింది నువ్వే గదమ్మే!"

"నేను నూరిపోసింది జ్వరం తగ్గేదాకా. ఇంకా తగ్గలేదా మీకు?"

జనం నవ్వారు. తూనిక దీపం కాసేపు మిణుకుమంది.

"మీ ఇంట్లో దూరం ఊరి దూరానికి తక్కువేమీ కాదు. తగువు రోజూ ఉంది. నా లెక్క ప్రకారం మీరు ఎప్పుడో విడిపోవాలి. ఎందుకు విడిపోలేదు?"

నేను ఏదో గొప్పగా చెప్పాలని గొంతు సవరించుకున్నాను. ప్రేమ 'ప'లో వస్తుంది, నా సంపుటంలో లేదు. ఈలోగా పల్లాలమ్మ అనేసింది.

"మా ఇంట్లో కుళాయి ఒక్కటే తల్లీ. నా మీద కోపంతో ఆయన కట్టేస్తే ఆయన గొంతు కూడా ఎండుద్ది. ఇక తిట్టుకోవడం తప్ప ఏం చేత్తాం?"

ఎవరూ నవ్వలేదు. వంతెన కింద గొట్టంలో నీళ్ళు సన్నగా పోతున్న చప్పుడు వినిపించింది. 

మద్దిలేటి ముందుకొచ్చాడు. "మరి మా కుళాయి వాండ్ల చేతిలో ఉండాది గదా. అది కొలిచినావా?" అని తూనికని అడిగాడు.

"గొట్టం నీటి శాఖది. నన్ను పంపింది సంస్కృతి శాఖ. అలవాట్లు కొలవమన్నారు, కొలిచాను" అంది తూనిక. పాపం, దాని తప్పేముంది.

"నీళ్ళు వంక మాత్రవేనండి" అన్నాడు పేర్రాజు గట్టిగా. "మా మావయ్య చెయ్యి విరిగింది కుండ గురించి. గొట్టం గురించి కాదు. పద్ధతులు కలవనోళ్ళు కలిసుండలేరు. ఆయ్!"

పల్లాలమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే పేర్రాజూ, నీకప్పుడు మాటలు రాలేదు కాబట్టి తెలీదు. మన లంకలో మన చేను కాలవ చిట్టచివర, శివార్న ఉండేది. పైచేను పెదనాన్నది. ఒక్క తల్లి పిల్లలు. ఒకే కూర, ఒకే దేవుడు, దీపాలవేళకి ఇద్దరూ కుండలు బోర్లించేవోళ్ళే. ఓ రోహిణి కార్తెలో మన చేను బీటలు తీసింది. పైన పెదనాన్న మనకి నీళ్ళు రాకుండా అడ్డుకట్ట వేసేడు. నాన్న పార తీసుకెళ్ళి ఆయన భుజం మీద కొట్టేడు. నాన్న జైలుకెళ్ళేడు. ఆళ్ళిద్దరి మధ్య ఏం పద్ధతులు కలవలేదురా?"

 ఆ సంగతి ఇంట్లో పేర్రాజుకి ఎవరూ చెప్పలేదని ముఖం చూస్తే తెలిసింది.

"తర్వాత?" అన్నాడు.

"వంతులు పెట్టేరు. వంతు చూసి నీళ్ళు వదలడానికి కాలవకి ఓ లష్కర్ని వేసేరు. ఓ పూట పైనోళ్ళకి, ఓ పూట శివారోళ్ళకి. నాన్నా పెదనాన్నా మళ్ళీ ఒకే పంక్తిలో కూచుని తిన్నారు. మాట్లాడుకున్నారని అనను. తిన్నారు."

"సరే చిన్నమ్మా," అన్నాడు మద్దిలేటి, "వంతు పెడితే నీళ్ళొస్తాయి. కుండలు బోర్లించేది ఆగుతాదా?"

"ఆగదు నాయనా. బోర్లిత్తారు. నువ్వు తిట్టు. నింపుకో. మీ నాయనమ్మ నన్ను తిట్టలేదా?"

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి. అలవాట్లు ఉత్తివే, అసలు సంగతి గొట్టమే అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. ముసలాయన చెయ్యి నిజంగా విరిగింది, కుండ దగ్గరే విరిగింది. కానీ చక్రాన్ని తిడితే ఏం లాభం? చక్రానికి అమ్మా అక్కా ఉండరు. దాహంతో ఉన్నవాడికి తిట్టడానికో ముఖం కావాలి. కుండ బోర్లించి పోతున్నవాడికి ముఖం ఉంది, వేరే యాస ఉంది, వెనకాల ఒక వీధి ఉంది. నీళ్ళున్నప్పుడు అదే ముఖాన్ని చూసి మావాళ్ళు నవ్వారు. ఆ రెండు రోజుల వాన నాకు చెప్పబోయింది ఇదేనేమో. నాకు ఎక్కలేదు.

చేతులెత్తారు. విప్పొద్దన్నవాళ్ళు కొద్దిగా ఎక్కువయ్యారు. కొద్దిగానే. పేర్రాజు విప్పమనే ఎత్తాడు. కొందరు అలిగి రేపటి పడవలో ఒడ్డుకి పోతామన్నారు. మిగిలినవాళ్ళు మూడు గంటలు అరుచుకుని, నీళ్ళ చక్రాన్ని తూర్పు ఒడ్డు నుంచి పీకి వంతెన నడుమ పెట్టాలని తేల్చారు. పూటకో తెప్పకి వంతు, తూర్పు నుంచి ఒక లష్కరు, పడమర నుంచి ఒకడు. చక్రం బరువు, ఇద్దరూ పడితే గానీ తిరగదు. యంత్రం మాత్రం ముసలిదే. నీళ్ళు పెరగలేదు. అందరికీ సమానంగా తక్కువ.

తూనిక వెళ్ళేముందు నన్నడిగింది. "కుండ విషయంలో ఎవరిది సరైన పద్ధతి?"

"అది తేలితే మా ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏముంటుంది తల్లీ" అన్నాను. అది కూడా రాసుకున్నట్టుంది.

ఆరుద్ర కార్తె

గాలి తడిగా ఉంది. అల నడుమెత్తు. కొక్కేలకి గ్రీజు రాశాను, మామూలుగా.

తూర్పు లష్కరుగా ఎవరూ రామంటే పేర్రాజే వచ్చాడు. పడమటి వైపు మద్దిలేటి. ఇద్దరూ చక్రం పట్టుకుని, ఎవరు సరిగా తిప్పడం లేదో ఒకరికొకరు చెప్పుకుంటారు. ముసలాయన కట్టు విప్పారు, వేళ్ళు ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. పడమటి వీధిలోకి ఆయన మళ్ళీ రాలేదు.

ఇవాళ సాయంత్రం పడమటి వంతు. మా గుమ్మం కుండ అంచుల దాకా నిండింది. చక్రం తిప్పి అలిసిపోయిన పేర్రాజు మా అరుగు దగ్గరికొచ్చి, చెంబు ముంచుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. ఆకాశం చూశాడు, పొద్దు గూకుతోంది. ఇక వాడి చెయ్యి వాడి మాట వినలేదు. కుండ ఎత్తి మిగిలిన నీళ్ళు పారబోసి, శుభ్రంగా బోర్లించాడు.

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి పల్లాలమ్మ గరిటతో సహా బయటికొచ్చింది. తడిసిన నేలనీ తమ్ముణ్ణీ చూసి, వీధంతా వినపడేలా అరిచింది.

"మా ఇంట్లో ఎవరు పోయేరని పారబోసేవురా?"

పేర్రాజు చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చక్రం దగ్గర మద్దిలేటి నవ్వు మొదలుపెట్టాడు.